కటింగ్ బోర్డు మీరే చేసుకుంటున్నారా? ఏ పోగు, ఏ చెక్క, ఏ నూనె

కటింగ్ బోర్డు చేద్దామనుకున్నవాళ్లు మొదట అడిగేది "ఏ చెక్క మంచిది?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఆ బోర్డును రోజూ కడిగేది ఎవరు, ఎలా కడుగుతారు అన్నది మొదటిది. పోగులను ఏ దిక్కుకు తిప్పి అతుకుతారు అన్నది రెండోది. ఈ రెండూ తేలితే చెక్క సంగతి సగం దానంతటదే తేలిపోతుంది. ఎంత మేలిరకం కలప తెచ్చినా, సింకులో నానబెట్టేవాళ్ల చేతిలో పడితే అతుకులు విడిపోతాయి, పలక వంకర తిరుగుతుంది. మామూలు చెక్క అయినా, వెంటనే తుడిచి నిలబెట్టి ఆరబెట్టేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి మన్నుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఒకటే కొలతతో చూస్తాను: వాడేవాళ్లు దానికి నిజంగా ఎంత శ్రద్ధ పెట్టగలరు?

పోగుల దిశ

చెట్టులో పోగులు వేళ్ల నుంచి కొమ్మల వైపు నిలువుగా నడుస్తాయి. దుంగను పలకలుగా కోశాక మూడు రకాల ముఖాలు దొరుకుతాయి. వెడల్పాటి ముఖాన్ని ఫేస్ గ్రెయిన్ అంటారు, సన్నటి పక్కను ఎడ్జ్ గ్రెయిన్ అంటారు, అడ్డంగా కోసిన కొసను ఎండ్ గ్రెయిన్ అంటారు. కత్తి ఈ మూడింటిలో దేని మీద పడుతుందో దాన్ని బట్టే బోర్డు గుణం ఉంటుంది.

ఫేస్ గ్రెయిన్ అన్నిటికంటే తేలిక. ఒకే వెడల్పాటి పలక తీసుకుని, చిత్రిక పట్టి, మూలలు గుండ్రం చేసి, నూనె పట్టిస్తే పని అయిపోతుంది. చెక్క గీతల అందం కూడా ఈ ముఖంలోనే బాగా కనిపిస్తుంది. అయితే కత్తి గాట్లు పోగులను అడ్డంగా తెంపుతాయి, అవి అలాగే కనిపిస్తుంటాయి. పైగా వెడల్పాటి పలక తేమకు పడవలా వంగుతుంది. వడ్డించడానికి, పెట్టి చూపించడానికి ఇది చక్కటిది. రోజూ కోతకు మాత్రం నేను దీన్ని ఎవరికీ చెప్పను.

ఎడ్జ్ గ్రెయిన్‌లో పలకను పొడవునా రీపర్లుగా చీల్చి, ఒక్కొక్కదాన్ని పక్కకు తిప్పి నిలబెట్టి, వరసగా జిగురుతో అతుకుతాం. ఈ తిప్పడంలో ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. చెక్క తేమకు అన్ని దిశల్లోనూ ఒకేలా ఉబ్బదు. పొడవులో దాదాపు కదలదు. వయసు వలయాల వెంబడి ఎంత కదులుతుందో, వలయాలకు అడ్డంగా అందులో సుమారు సగమే కదులుతుంది. మామూలుగా కోసిన పలకను చీల్చి నిలబెట్టినప్పుడు ఆ ఎక్కువ కదలిక బోర్డు మందంలోకి పోతుంది, తక్కువ కదలిక వెడల్పులో మిగులుతుంది. అంకెల్లో చూస్తే, 30 సెం.మీ. వెడల్పున్న హార్డ్ మేపుల్ బోర్డులో చెక్క తేమ 4 శాతం మారిందనుకోండి. ఫేస్ గ్రెయిన్ అయితే వెడల్పు సుమారు 4 మి.మీ. మారుతుంది, ఎడ్జ్ గ్రెయిన్ అయితే సుమారు 2 మి.మీ. అందుకే ఎడ్జ్ గ్రెయిన్ బోర్డు చదునుగా నిలుస్తుంది. కాస్త అశ్రద్ధను కూడా ఓర్చుకుంటుంది.

ఎండ్ గ్రెయిన్‌లో పోగుల కొసలు పైకి చూస్తుంటాయి. చీపురు కట్టను నిలబెట్టి దాని కొసల మీద కత్తి పెట్టినట్టు ఇక్కడ అంచు పోగుల మధ్యలోకి దిగుతుంది, తీయగానే పోగులు మళ్లీ దగ్గరికి వస్తాయి. గాట్లు తక్కువ కనిపిస్తాయి, కత్తి పదును ఎక్కువ కాలం ఉంటుంది. కత్తిని ప్రేమించేవాళ్లకు దీన్ని మించింది లేదు. దానికి తగ్గ శ్రమ కూడా ఉంది. ముందు రీపర్లను అతకాలి, ఆరాక ఆ పలకను అడ్డంగా ముక్కలు కోయాలి, ముక్కలను పైకి తిప్పి రెండోసారి అతకాలి. అతుకు జిగురుతోనే నిలవాలి కాబట్టి మందం కనీసం 38 మి.మీ. ఉంచడం మంచిది, అంటే ఒకటిన్నర అంగుళం. బరువు పెరుగుతుంది. నూనె తాగుతూనే ఉంటుంది. నీళ్లనూ అదే ఆత్రంతో తాగుతుంది. బోర్డు పొడవులోనూ వెడల్పులోనూ రెండు వైపులా కదులుతుంది కాబట్టి చుట్టూ చెక్క చట్రం కట్టి జిగురు పెడితే ఎక్కడో ఒకచోట బీట పడి తీరుతుంది. అందం కోసం అంచు పట్టీ అతికించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

ఎండ్ గ్రెయిన్ చేసేవాళ్లు ప్రాణం మీదకు తెచ్చుకునే పని ఒకటుంది. అతికిన బోర్డును చదును చేయడానికి ప్లేనర్ యంత్రంలోకి పంపడం. బ్లేడు పోగుల కొసలను పట్టి లాగుతుంది. వెనక అంచు పెళ్లలుగా ఊడిపోతుంది, ఒక్కోసారి బోర్డే పగిలి ముక్కలు ఎగురుతాయి. రౌటర్‌ను (తిరిగే బిట్టుతో చెక్కను తొలిచే యంత్రం) పట్టాల మీద నడిపించి చదును చేయడమో, బెల్ట్ సాండర్‌తో ఓపిగ్గా అరగదీయడమో చేయాలి. ఈ రెండూ అందుబాటులో లేకపోతే ఎండ్ గ్రెయిన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

నా సలహా సూటిగా ఇది: మొదటి బోర్డు ఎడ్జ్ గ్రెయిన్ చేయండి. ఇతరులకు కానుకగా ఇచ్చేదైతే అది ఎన్నో బోర్డు అయినా ఎడ్జ్ గ్రెయినే చేయండి, ఎందుకంటే వాళ్లు దాన్ని ఎలా చూసుకుంటారో మీ చేతిలో లేదు. మంచి కత్తులుండి, నెలకోసారి నూనె రాసే అలవాటున్న మీ సొంత వాడకానికి ఎండ్ గ్రెయిన్ చేసుకోండి.

చెక్క

గట్టిదనాన్ని జాంకా కొలతలో చెబుతారు. 11.28 మి.మీ. వ్యాసమున్న ఉక్కు గుండు చెక్కలోకి సగం దిగడానికి ఎంత బలం కావాలో అదే ఆ అంకె. పౌండ్లలో చూస్తే హార్డ్ మేపుల్ 1,450 దగ్గర, బ్లాక్ వాల్‌నట్ 1,010 దగ్గర, చెర్రీ 950 దగ్గర, టేకు 1,070 దగ్గర ఉంటాయి. తెల్ల పైన్ 380 దాటదు, దాని మీద కత్తి పెడితే గాడే. మరో కొసన ఇపె అనే దక్షిణ అమెరికా కలప 3,500 దాకా వెళ్తుంది. దాని మీద నలిగేది కత్తి అంచే. కోతకు 900 నుంచి 1,500 మధ్య ఉన్న చెక్క హాయిగా ఉంటుంది.

గట్టిదనం కంటే రంధ్రాల సంగతి ముఖ్యం. రెడ్ ఓక్ ముక్క కొసకు సబ్బు నీళ్లు రాసి అవతలి కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. దాని గొట్టాలు అంత తెరిచి ఉంటాయి. అలాంటి చెక్కలోకి తడి దిగితే బయటికి రావడం కష్టం. వైట్ ఓక్‌లో ఆ గొట్టాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి. పేర్లు దగ్గరవే అయినా ఈ పనికి రెండూ ఒకటి కావు. మేపుల్, చెర్రీ చెక్కల్లో రంధ్రాలు కంటికి ఆననంత సన్నవి, అందుకే అవి కోత పలకలకు అంతగా పేరు తెచ్చుకున్నాయి. బీచ్ కూడా సన్న రంధ్రాలదే, గట్టిదనంలో మేపుల్‌కు తీసిపోదు. కాకపోతే తేమకు ఎక్కువ కదులుతుంది, కాబట్టి బాగా ఆరిన కలపే తీసుకోవాలి.

మేపుల్‌కూ వాల్‌నట్‌కూ మధ్య ఊగిసలాడేవాళ్లు చాలామంది. మేపుల్ తెల్లగా ఉండి మరకలను చూపిస్తుంది. దాన్ని నేను సుగుణమే అంటాను, మురికి కనిపిస్తేనే కదా కడుగుతాం. వాల్‌నట్ మెత్తన, కత్తికి ఇంకా దయగా ఉంటుంది, ముదురు రంగులో మరకలు దాగుతాయి. రెండింటినీ కలిపి చారలు పెట్టడం అందరికీ ఇష్టం, అది నిలుస్తుంది కూడా. అయితే కలిపే చెక్కల కదలిక దగ్గరదగ్గరగా ఉండాలని గుర్తుంచుకోండి. పడౌక్ లాంటి ఎర్ర చెక్క కలపాలనుకుంటే సాండ్ చేసేటప్పుడు దాని పొడి పక్కనున్న తెల్ల చెక్క రంధ్రాల్లోకి దూరి గులాబీ మరక పడుతుంది. ఆ ఎరుపు కూడా కాలంతో గోధుమ రంగుకు తిరిగిపోతుంది.

టేకు నీటిని బాగా ఓర్చుకుంటుంది, తక్కువ కదులుతుంది. తడి చేతుల మధ్య బతకాల్సిన బోర్డుకు దాన్నే చెబుతాను. దాని లోపాలు రెండు. అందులోని సిలికా కత్తినీ రంపాన్నీ మొద్దుబారుస్తుంది. సహజంగా ఉన్న నూనె జిగురును పట్టనివ్వదు, కాబట్టి అతికే ముఖాన్ని అప్పుడే చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, ఆలస్యం చేయకుండా జిగురు పెట్టాలి. చింత చేవ (దుంగ నడిమి ముదురు చెక్క) చాలా గట్టిది, బరువైనది. పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి కనుక చిత్రిక కింద పెళ్లలు లేస్తుంది. అతుకుల బోర్డు కంటే మందపాటి మొద్దుగానే అది రాణిస్తుంది. వెదురు నిజానికి గడ్డి జాతిది. సన్న బద్దలను జిగురుతో కూర్చి పలక చేస్తారు, కత్తిని త్వరగా మొద్దుబారుస్తుంది. ఇంటి పనిముట్లతో చేసుకునే సరుకు అది కాదు.

ఏ చెక్కో తెలియని ముక్కను ఎంత అందంగా ఉన్నా వాడకండి. గన్నేరు కలపలో విషం ఉంటుంది. సామాను రవాణా చేసే ప్యాలెట్ల చెక్క వాడాలనుకుంటే దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. హెచ్‌టీ ముద్ర ఉన్నా దాని మీద ఏం ఒలికిందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి కోత పలకకు ప్యాలెట్ చెక్కే వద్దంటాను. మేపుల్ లాంటి తెల్లటి కలపలు తప్ప మిగతావాటిలో చేవను ఎంచుకుని, దాని చుట్టూ ఉండే లేత భాగాన్ని వీలైనంత తీసేయండి. ఇక కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ప్లాస్టిక్ శుభ్రం, చెక్క మురికి అన్న భయంతో వెనకాడుతుంటే ఒక మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన డీన్ క్లైవర్ బృందం 1990లలో రెండింటినీ పరీక్షించింది. చెక్క మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి దిగి, అక్కడ పెరగకుండా క్రమంగా చనిపోయింది. కత్తి గాట్లు పడిన ప్లాస్టిక్‌ను చేత్తో కడిగి శుభ్రం చేయడం కష్టమని తేలింది. అలాగని పచ్చి మాంసానికీ, వండకుండా తినేవాటికీ ఒకే బోర్డు వాడొద్దు. రెండు చేసుకోండి.

జిగురు

ఇక్కడ ఎంపిక పెద్దది కాదు. నీటిని తట్టుకునే పీవీఏ జిగురు (మామూలు వడ్రంగి జిగురు రకం) చాలు. ఆ రకంలో టైట్‌బాండ్ 2, టైట్‌బాండ్ 3 అనే జిగుర్లు రెండూ ఎండాక ఆహారం పరోక్షంగా తగిలే వాడకానికి ఆమోదం ఉన్నవే. టైట్‌బాండ్ 3 నీటిని ఇంకా బాగా తట్టుకుంటుంది, కాస్త ఆలస్యంగా గట్టిపడుతుంది, ఎన్నో ముక్కలున్న ఎండ్ గ్రెయిన్ అతుకుకు ఆ అదనపు నిమిషాలు అక్కరకొస్తాయి. పాలీయురేథేన్ జిగురు నురగ కట్టి చుట్టూ పొంగుతుంది. ఆ నురగకు బలం ఉండదు, ఖాళీని నింపినట్టు కనిపించి మోసం చేస్తుంది. ఎపాక్సీ టేకు లాంటి జిడ్డు చెక్కలకు పనికొస్తుంది.

ఏ జిగురైనా సరే, బలం వచ్చేది ముఖాలు సరిగ్గా కలిసినప్పుడే. రెండు రీపర్లను జిగురు లేకుండా ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలో సన్నగా వెలుగు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టండి, క్లాంపు బిగించి మూసేద్దామనుకోవద్దు. బిగించాక అతుకు పొడవునా చిన్న చిన్న జిగురు ముత్యాలు సమానంగా పొడుచుకు వస్తే సరిపడా పెట్టినట్టు. వాటిని తడిగుడ్డతో తుడిస్తే పలచబడి రంధ్రాల్లోకి పోతాయి, తర్వాత అక్కడ నూనె పట్టదు. అరగంట ఆగి, రబ్బరులా సాగే దశలో ఉలితో గీకితే తాడులా ఊడొస్తాయి. ఇనుప క్లాంపు తడి జిగురుకు తగిలితే ఓక్, వాల్‌నట్ లాంటి చెక్కల మీద నల్ల మరక పడుతుంది, మధ్యలో కాగితమో టేపో పెట్టండి. 24 గంటలు గడిచేదాకా దాని మీద యంత్రం పెట్టకండి.

నునుపు

ఎడ్జ్ గ్రెయిన్‌కు 80, 120, 180 నంబరు సాండ్‌పేపర్లు వరసగా వాడి 220తో ముగిస్తే చాలు. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు అప్పుడు కనిపించవు, నూనె రాయగానే బయటపడతాయి. ఎండ్ గ్రెయిన్‌లో మరీ ఎక్కువ. ప్రతి నంబరుకు ముందు బోర్డంతా పెన్సిల్‌తో గీతలు గీసి, అవన్నీ పోయేదాకా రుద్దితే ఎక్కడా వదిలేయరు. చివర్న తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. అణిగిన పోగులు లేచి చేతికి గరుకుగా తగులుతాయి. 220తో తేలిగ్గా తీసేసి, ఇంకోసారి తడిపి చూడండి. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడే బోర్డు గరుకెక్కుతుంది.

నూనెలు, మైనాలు, పూతలు

ఎక్కువ తర్జనభర్జన జరిగేది ఇక్కడే. ఉన్నవి మూడు కుటుంబాలు: ఎప్పటికీ ఎండనివి, లోపల ఎండి గట్టిపడేవి, పైన పొర కట్టేవి.

ముందు పొర కట్టేవాటిని పక్కన పెడదాం. వార్నిష్, లక్క పాలిష్, మందంగా పోసే ఎపాక్సీ చూడటానికి అద్దంలా ఉంటాయి. కత్తి పడగానే పొర చిట్లుతుంది. చిట్లిన చోట నీళ్లు కిందికి దూరి బయటికి రాలేవు, చెక్క నల్లబడి పొర పెచ్చులూడుతుంది. బోర్డు గోడకు తగిలించి చూసుకోవడానికైతే సరే, కోతకు వద్దు.

ఎండని కుటుంబంలో పెద్దదిక్కు మినరల్ ఆయిల్. మందుల దుకాణంలో లిక్విడ్ పారఫిన్ పేరుతో దొరికే, లోపలికి తీసుకోదగ్గ శుద్ధత ఉన్నది తీసుకోవాలి, యంత్రాలకు వాడేది కాదు. వాసన లేదు, రుచి లేదు, ముక్కిపోదు. రాయడానికి నేర్పు అక్కర్లేదు. రెండు ముఖాలకూ, అంచులకూ ధారాళంగా రాసి రాత్రంతా వదిలేసి, పొద్దున మిగిలింది తుడవండి. ఎండ్ గ్రెయిన్‌లో అప్పుడే నిండుగా కనిపించిన చోట కాసేపట్లో పొడి మచ్చలు తేలతాయి, అక్కడ మళ్లీ రాయాలి, మచ్చలు రావడం ఆగేదాకా. దీని లోపం ఒకటే: కడిగే కొద్దీ పోతుంది. నెలకోసారి, మొదట్లో వారానికోసారి రాయాలి. రాయనివాళ్లకు ఇది సరిపోదు.

దానికి తేనెమైనం కలిపితే కాస్త నిలుస్తుంది, నీటి చుక్క పైనే ఉండలా నిలబడుతుంది. బరువులో ఒక వంతు మైనానికి నాలుగు వంతుల నూనె మంచి పాళ్లు. మైనం 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కాబట్టి వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద పెట్టొద్దు. ముందు ఉత్త నూనె తాగించి, ఆ తర్వాతే ఈ మిశ్రమం రాయండి. మైనం ముందే పడితే నూనె లోపలికి దిగదు. కార్నౌబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసేది) ఇంకా గట్టిది, 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. కొంచెం కలిపితే మెరుపు పెరుగుతుంది.

ఎండే కుటుంబంలో టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నుంచి తీసేది), అవిసె నూనె, వాల్‌నట్ నూనె ఉన్నాయి. ఇవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెక్క లోపలే గట్టిపడతాయి, కడిగితే పోవు. వీటిలో టంగ్ నూనె నీటిని బాగా తట్టుకుంటుంది. పలచగా రాసి, అరగంటలో మిగిలింది పూర్తిగా తుడిచి, మధ్య మధ్య రోజులు ఆగుతూ నాలుగైదు పూతలు వేయాలి. ఆ తర్వాత పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పడుతుంది. డబ్బా మీద "టంగ్ ఆయిల్ ఫినిష్" అని ఉంటే ఆగి చదవండి, అది తరచుగా వార్నిష్‌నూ థిన్నర్‌నూ కలిపిన సరుకై ఉంటుంది. కావాల్సింది ఏమీ కలపని టంగ్ నూనె. అవిసె నూనెలోనూ "బాయిల్డ్" అని రాసి ఉన్నదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, దాన్ని కోత పలకకు వాడను. పచ్చి అవిసె నూనె వారాల తరబడి జిగటగా ఉంటుంది. వాల్‌నట్ నూనె రాసిన బోర్డు కానుకగా ఇచ్చేముందు ఆ ఇంట్లో గింజల అలర్జీ ఉందేమో అడగండి.

ఎండే నూనెలతో ఒక నిజమైన ప్రమాదం ఉంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, ఆరే క్రమంలో పుట్టే వేడి లోపలే పేరుకుని వాటంతటవే అంటుకుంటాయి. విప్పి బయట గాలికి ఒక్కొక్కటీ ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత బిగించిన డబ్బాలో ఉంచండి. మినరల్ ఆయిల్‌కు ఈ భయం లేదు.

వంటింట్లో ఉన్న నూనె రాస్తే సరిపోదా అంటారు. సన్‌ఫ్లవర్, ఆలివ్ లాంటివి సరిగ్గా ఎండవు, అలాగని చెడకుండానూ ఉండవు. కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది, జిగట తేలుతుంది. ఒకసారి లోపలికి దిగాక దాన్ని వదిలించడం మహా కష్టం.

నెలకోసారి పది నిమిషాలు కేటాయించగలవాళ్లకు మినరల్ ఆయిల్, తేనెమైనం. కేటాయించలేనివాళ్లకు, ముందే నెల రోజులు ఆగగలిగితే, టంగ్ నూనె. టంగ్ పూత మీద కొన్నాళ్లకు మినరల్ ఆయిల్ రాసినా ఇబ్బంది లేదు.

గాడి, పాదాలు, పిడి

రసం పట్టే గాడి మాంసం కోసేవాళ్లకు ఉపయోగం, మిగతావాళ్లకు కోతకు చోటు తగ్గించి మురికి దాచే సందు. ఒక ముఖానికి పెట్టి రెండోది సాదాగా వదిలేస్తే ఇద్దరికీ సరిపోతుంది. బరువైన ఎండ్ గ్రెయిన్ బోర్డుకు రబ్బరు పాదాలు స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించండి, కింద గాలి ఆడుతుంది, జారదు. ఎడ్జ్ గ్రెయిన్‌కు నేను పాదాలు పెట్టను, తిప్పి తిప్పి రెండు ముఖాలూ వాడితేనే అది చదునుగా ఉంటుంది. ఎత్తడానికి వేళ్లు దూరే గాడి పక్కల్లో చెక్కితే చాలు, లోహపు పిడి అక్కర్లేదు.

వంగితే

డిష్‌వాషర్‌లో పెట్టొద్దు, నానబెట్టొద్దు, కడిగాక ఒక పక్కకు నిలబెట్టి రెండు ముఖాలకూ గాలి తగలనివ్వాలి. ఇవన్నీ పాటించినా ఒక ముఖమే తడుస్తూ ఉంటే బోర్డు వంగవచ్చు. కంగారుపడి సాండర్ అందుకోకండి. ఉబ్బెత్తుగా లేచిన ముఖం ఎక్కువ తేమ తాగిన ముఖం. గుంట పడ్డ ముఖాన్ని తడిగుడ్డతో తేలిగ్గా తడిపి, ఆ ముఖం కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లించండి, ఉబ్బెత్తు ముఖాన్ని గాలికి ఆరనివ్వండి. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో చదునుకు వస్తుంది. వచ్చాక నిలబెట్టి రెండు వైపులా పూర్తిగా ఆరనిచ్చి, రెండు ముఖాలకూ సమానంగా నూనె పట్టించండి. అతుకు దగ్గర సన్నగా విడిచి ఉంటే మాత్రం పైపైన జిగురు నింపకండి. ఆ అతుకు వెంబడే రంపంతో కోసి, రెండు అంచులనూ చిత్రిక పట్టి మళ్లీ అతకండి. పోయేది రంపం మందమంత వెడల్పే.